ఎర్ర దారం దాటిన వేలు

తెనాలిలో మేం అద్దెకుంటున్న ఇంటి పక్క వాటాలో ఎనిమిది నెలల పాప ఉంది. పుట్టుకతోనే ఆ పాప ఎడమ కాలి వేళ్ళలో రెండు మిగతా వాటికంటే లావుగా, పొడుగ్గా ఉన్నాయి. ఈ సంగతి మీద సలహా ఇవ్వనివాళ్ళు మా వీధిలో ఎవరైనా ఉంటే వాళ్ళకింకా మాటలు రాలేదని అర్థం. పాలు పోసే అతను నువ్వుల నూనె రాయమన్నాడు. ఎదురింటి మేష్టారు గుడ్డతో బిగించి కడితే పెరుగుదల ఆగిపోతుందన్నారు. ఆయన ముప్ఫై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పారు గానీ కాళ్ళ గురించి ఎప్పుడూ చెప్పలేదు. మేడమీదావిడ ఫోన్లో ఎవరిదో వీడియో చూపించి, గ్రహణం రోజున గుమ్మడికాయ కోశావా అని పాప తల్లిని నిలదీసింది. ఆ అమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది. "గుమ్మడికాయ కోసే తీరిక నాకెక్కడిది పిన్నిగారూ" అని నన్నడిగింది పాపం.

నాకు ఒళ్ళు మండిపోతుంది. నా చిన్నప్పుడు విన్న మాటలే ఇవన్నీ. అప్పుడు గోడ దూకి వచ్చేవి, ఇప్పుడు ఫోన్లోంచి వస్తున్నాయి. అంతే తేడా.

డాక్టరు మాత్రం పాప తల్లికి పనికొచ్చే ముక్క ఒకటి చెప్పాడు. నెలకోసారి వేళ్ళ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపండి, పెరిగే తీరును బట్టి ఏం చెయ్యాలో చెబుతాను అన్నాడు. మొన్న ఆదివారం నేను కరివేపాకు కోసం వెళ్ళేసరికి ఆ తంతు నడుస్తోంది. ఫోను తల్లి పట్టుకుంది. స్కేలు నాయనమ్మ పట్టుకుంది. స్కేలు మీద సున్నా వేలి మొదట్లో ఉండాలి. తల్లి ఫోన్లోకి చూస్తూ ఉండగా ఆ పెద్దావిడ బొటనవేలితో స్కేలుని మెల్లగా ముందుకు తోసింది. ఫోటో పడింది. పాప వేలు ఒక్క క్షణంలో అరవేలు పొట్టిదైపోయింది.

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. నేను కరివేపాకు తీసుకుని మాట్లాడకుండా వచ్చేశాను. నాలాంటి వాగుడుకాయ నోరు మూసుకుని వచ్చేసిందంటే దానికో కారణం ఉంటుంది. ఆ కారణం నా కుడికాలి చెప్పులో ఉంది. ఆ కాలికి నాలుగే వేళ్ళు.

మాది రేపల్లె దగ్గర ఒక చిన్న ఊరు. పేరెందుకు, ఇప్పుడు మా ఇల్లున్న చోట రొయ్యల చెరువు ఉంది. నేను పుట్టినప్పుడు నా కుడికాలి బొటనవేలి పక్క వేలు బొటనవేలికంటే లావుగా ఉండి, దాని కింద పాదం కూడా ఉబ్బి ఉందట. మంత్రసాని నన్ను తిప్పి చూసి, "ఈ పిల్ల ఒక్కసారిగా పుట్టలేదమ్మా, కాలు ముందొచ్చి పెరగటం మొదలెట్టింది, మనిషి తీరిగ్గా వచ్చింది" అందట. మా వంశంలో మొదటి జోకు అది. నేను మాట్లాడకముందే నా మీద పడింది.

చెప్పుల గోల చెబితే తెల్లారుతుంది. నాకు రెండు జతలు కొనాల్సి వచ్చేది, ఎడమకాలికి చిన్న జత, కుడికాలికి పెద్ద జత. రేపల్లె స్టేషను బయట చెప్పులు కుట్టే తాత పెద్ద చెప్పు పట్టీ విప్పి నా వేలికి దారి చేసి మళ్ళీ కుట్టేవాడు. మిగిలిపోయిన చెప్పులు ఒక పెద్ద ఎడమది, ఒక చిన్న కుడిది. అవి ఎవరి కాళ్ళకీ పట్టవు. మా నాయనమ్మ వాటిని పారెయ్యనిచ్చేది కాదు. "ఎక్కడో ఎడమకాలు పెద్దదైన పిల్ల ఒకతి పుట్టే ఉంటదిలే. కనపడితే ఇద్దాం" అని గోనెసంచిలో వేసి అటక మీదకి నెట్టేది. ఆ సంచి ఏటికేడు లావెక్కింది. ఆ పిల్ల మాత్రం రాలేదు.

బళ్ళో నన్ను ఏనుగు అనేవాళ్ళు. ఏడిస్తే ఇంకా అంటారని నాకు చాలా త్వరగా తెలిసిపోయింది. అందుకని దుకాణం పెట్టాను. వేలు చూడాలంటే గుప్పెడు రేగుపళ్ళు. ముట్టుకోవాలంటే రెండు గుప్పెళ్ళు. పక్కూరి నుంచి కూడా పిల్లలు వచ్చేవాళ్ళు. ఒకసారి మా బడి మేష్టారి కొడుకు ఊరికే చూడబోతే గొడుగు అడ్డం పెట్టాను. సాయంత్రానికి మేష్టారు గారి గొడుగు నా దగ్గరెందుకు ఉందని వీపు మీద రెండు పడ్డాయి.

నాన్న తెనాలి నిమ్మకాయల మార్కెట్లో బస్తాలు మోసేవాడు. రోజూ రేపల్లె పాసింజరులో పోయి వచ్చేవాడు. సాయంత్రం ఆయన తలగుడ్డ విప్పితే ఇల్లంతా నిమ్మకాయ వాసన. ఆ మార్కెట్లో ఎవరో చెబితే, నేను మూడో తరగతిలో ఉండగా, అమ్మా నాన్నా నన్ను తెనాలిలో ఒక ఎముకల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. మాతో నాయనమ్మ కూడా వచ్చింది. ఆమె లేకుండా మా ఇంట్లో ఉప్పు కూడా కొనేవాళ్ళు కాదు.

డాక్టరు గారు నా కాలు అటూ ఇటూ తిప్పి చూసి, అమ్మతో చెప్పాడు. "ఇది ఎవరి తప్పూ కాదమ్మా. గ్రహణమూ కాదు. కొందరికి పుట్టుకతోనే వేలు ఇలా పెరుగుతుంది. ఇప్పుడే ఆపేస్తే ముందు ముందు చిన్నదైపోతుంది. పిల్ల పెద్దయ్యాక తన వేలు ఇంచుమించు నీ వేలంత ఉండాలి కదా. కాబట్టి నీ వేలంత అయ్యేదాకా చూద్దాం. అయిన వెంటనే చిన్న ఆపరేషను చేసి పెరుగుదల అక్కడితో ఆపేస్తాను. వేలు ఉంటుంది, చెప్పూ పడుతుంది."

"దాటిపోతేనండి?" అంది అమ్మ.

"దాటిపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుంది. అందుకని నెలనెలా కొలిచి ఉంచాలి. ఇంట్లో టేపు ఉందా?"

"లేదండి. దారంతో కొలుస్తానండి. దారం అబద్ధం చెప్పదండి."

ఆయన నవ్వి, ఎలా కొలవాలో చూపించాడు. వేలి మొదట్లో పైనుంచి మొదలుపెట్టి, కొస మీదుగా తిప్పి, అడుగున మళ్ళీ మొదలుదాకా తేవాలి. ముందు అమ్మ వేలు కొలిచాడు. అందుకు అమ్మ తన సంచి అంచు నుంచి ఎర్ర దారం పీకి ఇచ్చింది. ఆ ఎర్ర దారాన్ని ఆయన నా కాగితాలకి గుచ్చి తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ రోజుకి నా వేలు ఎర్ర దారానికి రెండు గోళ్ళంత తక్కువ. మూడు నెలలకోసారి దారాలు నాన్న చేతికిచ్చి పంపితే చాలు, పిల్లని తిప్పక్కర్లేదు అన్నాడు.

అలా మా ఇంట్లో కొలత ఆదివారాలు మొదలయ్యాయి.

మేం గుడికి పోయే క్రైస్తవులం. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకున్నాక ఇంటికొచ్చి, అమ్మ పొయ్యి మీద మట్టగిడస చేపల పులుసు పెట్టేది. అది ఉడికేలోపు నా కాలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తెల్ల దారం తిప్పేది. గుర్తు దగ్గర గోటితో నొక్కి పంటితో తెంపేది. మొదటి నెల దారానికి చివర ఒక ముడి, రెండో నెలకి రెండు, మూడో నెలకి మూడు. వాటిని బిస్కెట్ల డబ్బాలో వేసేది. మూడు దారాలయ్యాక నాన్న కాగితంలో మడిచి జేబులో పెట్టుకుపోయేవాడు. డాక్టరు గారికి నా వేలి పొడవుతోపాటు నిమ్మకాయ వాసన కూడా చేరి ఉంటుంది.

మొదటి మూడు దారాలు పోయాయి. సాయంత్రం నాన్న వచ్చి చెప్పాడు. "బాగా పెరుగుతుందంట. ఇంకా గోరంతే తక్కువంట. ఇంకో మూడు నెలలకి ఆపరేషనుకి సిద్ధంగా ఉండమన్నాడు."

సరిగ్గా ఆ వారమే బాపట్ల నుంచి మా మేనత్త దిగింది. ఆమె రోజూ వేటపాలెం పోయి జీడిపిక్కలు కొట్టేది. ఎప్పుడొచ్చినా చీర కొంగులో ముక్కపప్పు మూట ఉండేది, వేళ్ళ చివర్లు జీడి జిగురుకి నల్లగా మాడి ఉండేవి. ఆ పప్పు నేతిలో వేయించుతుంటే వచ్చే వాసనకి నేను ఆమె చెప్పే ఏ కథనైనా క్షమించేదాన్ని. ఆ కథని తప్ప.

"మా వీధిలో ఒకాయనకి వేలు తీశారు వదినా" అంది అమ్మతో. "మత్తు సగమే పట్టిందంట. కోసేటప్పుడు చెరుకు కొట్టిన చప్పుడు వినపడిందంట ఆయనకి."

"ఇది కొయ్యటం కాదు గదా, పెరగకుండా ఆపటం" అంది అమ్మ.

"ఎట్టా ఆపుతారు మరి, బతిమాలా?" అంది అత్త.

నాయనమ్మ తమలపాకుకి సున్నం రాస్తూ రాస్తూ ఆగిపోయింది. మా తాత సంగతి ఆమెకి గుర్తొచ్చిందని ఇప్పుడు నాకు తెలుసు. తాతకి పొలంలో కాలి వేలికి దెబ్బ తగిలి చీము పట్టి, వేలు తీస్తామని తీసుకెళ్ళి మోకాలి దాకా తీశారు. ఆ పైన ఆయన రెండు వారాలే ఉన్నాడు. నాయనమ్మ ఆ ముక్క ఎవరితోనూ అనేది కాదు. ఆపరేషను అనే మాట వినపడితే మాత్రం లేచి వెళ్ళి కోళ్ళకి మేత వేసేది. ఆ రోజు కోళ్ళకి అజీర్ణం చేసి ఉంటుంది.

నేను మాత్రం చెరుకు చప్పుడు దగ్గరే ఆగిపోయాను.

మా ద్వారబంధం సందులో సగం బ్లేడు ఒకటి దోపి ఉండేది. గోళ్ళకీ, పెన్సిలుకీ, నాన్న ఆనెలకీ అదే. కొలత ఆదివారం మర్నాడు అమ్మ నాట్లకి పోయాక, డబ్బాలోంచి దారం తీసి, ముడి లేని కొసన గోరంత కోసేశాను. డాక్టరు కత్తికి భయపడి బ్లేడు పట్టుకున్నదాన్ని నేనే. ముక్కని పెరట్లో ములగచెట్టు మొదట్లో పాతిపెట్టాను. పై నెలా అంతే. ఆ పై నెలా అంతే. గోరుకి మించి కొయ్యలేదు. నా లెక్క చాలా న్యాయమైంది. వేలు పెరిగినంత దారం తగ్గితే సరి, ఆపరేషను అక్కడే నిలబడిపోతుంది.

మూడు దారాలూ తీసుకుపోయిన రోజు నాన్న స్టేషను నుంచి ఇంటిదాకా పరిగెత్తి వచ్చాడు. బస్తాలు మోసిన మనిషి పరిగెత్తి రావటం నేను అంతకుముందు చూడలేదు.

"తగ్గిందంట" అన్నాడు.

"ఏంటి?" అంది అమ్మ.

"వేలే. పెరగటం కాదు, గోరంత తగ్గిందంట. డాక్టరే నమ్మలేదు. ఎర్ర దారం పక్కన మూడు సార్లు పెట్టి చూశాడు. ఇంకో మూడు నెలలు చూద్దాం, ఈసారి పిల్లని కూడా తీసుకురమ్మన్నాడు."

అమ్మ చేతిలో చేట అలాగే పెట్టుకుని కూర్చుండిపోయి ఏడ్చింది. నాయనమ్మ గోడకానుకుని నా కాలు వైపే చూసింది. నాకు మాత్రం లెక్క తెగలేదు. నేను కోసింది గోరంతే. నాకు తెలిసినంతలో వేలు పెరుగుతూనే ఉంది, చెప్పు పట్టీ బిగుసుకుపోతోంది. గోరంత కోస్తే పెరిగింది పెరిగినట్టు కప్పబడిపోవాలి గానీ తగ్గినట్టు ఎందుకు రావాలి. చాలాసేపు ఆలోచించి నాకు నేనే తేల్చుకున్నాను. నా వంతు నేను చేశాను, మిగతాది దేవుడు చేశాడు. మేమిద్దరం కలిసి చేస్తున్న పని ఇది.

పై ఆదివారం అమ్మ గుళ్ళో లేచి సాక్ష్యం చెప్పింది. మా గుళ్ళో ఎవరికైనా మేలు జరిగితే లేచి నలుగురికీ చెప్పటం ఆనవాయితీ. మామూలుగా నాలుగు మాటలు కూడా కూడబలుక్కుని మాట్లాడే అమ్మ, ఆ రోజు దారం దగ్గర్నుంచీ డాక్టరు మాట దాకా అన్నీ చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరు అయ్యగారు నన్ను ముందుకు పిలిచి స్టూలు మీద నిలబెట్టారు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ చిరాకూ కలిసి వస్తాయి. ఊరు ఊరంతా వరసలో వచ్చి నా వేలు చూసింది. నిజానికి ఆ వేలు అప్పటికి అంతకుముందెప్పుడూ లేనంత పెద్దగా ఉంది. చూసిన ప్రతి ఒక్కరూ "అవునవును, తగ్గింది" అన్నారు.

"సగానికి సగం తగ్గింది" అన్నాడు ఒక పెద్దాయన. ఆయనకి కళ్ళల్లో పొరలు.

"నేను పంపిన వేపనూనె రాశారా?" అంది మా వెనకింటి ఆమె.

"నేను మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నా" అంది ఇంకొకామె.

మేష్టారి కొడుకు మాత్రం దగ్గరికొచ్చి వేలు చూసి, నా మొహం చూసి, "ఏం తగ్గలేదు" అన్నాడు. వాళ్ళమ్మ వాడి నెత్తిన ఒక్కటిచ్చి తీసుకుపోయింది. ఆ గుళ్ళో నిజం చెప్పినవాడు వాడొక్కడే. దెబ్బ తిన్నవాడూ వాడొక్కడే.

మా వరసలో నాయనమ్మ కూర్చుని ఉంది. పాటలకి ఎప్పుడూ అందరికంటే గట్టిగా గొంతెత్తే మనిషి, ఆ రోజు పెదవులు మాత్రం కదిపింది.

తర్వాత మూడు నెలలూ నేను నా పని మానలేదు. దేవుడు తన వంతు చేస్తున్నప్పుడు నేను మానేస్తే బాగుండదనుకున్నాను.

తెనాలి వెళ్ళిన రోజు నాన్న మార్కెట్టుకి పోయాడు. అమ్మా, నాయనమ్మా, నేనూ డాక్టరు గారి గదిలో కూర్చున్నాం. ఆయన ఎర్ర దారం పక్కన కొత్త దారాలు పరిచాడు. మూడు ముళ్ళ దారం ఎర్ర దారంతో సమానంగా ఉంది. ఆయన కనుబొమలు ముడిచి, సొరుగులోంచి దారం తీసి నా వేలు తనే కొలిచాడు. ఆ దారం ఎర్ర దారం దాటి గోరంత బయటికొచ్చింది. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ గోరంత బయటికొచ్చింది.

"దాటిపోయిందమ్మా" అన్నాడు.

"లేదండి, తగ్గింది గదండి. మీరే అన్నారు గదండి" అంది అమ్మ. "దారం అబద్ధం చెప్పదు గదండి."

ఆయన దారాల కొసలు వెలుతురుకి పట్టుకుని చూశాడు. "నువ్వు దారం దేనితో తెంపుతావమ్మా?"

"పంటితోనండి."

"పంటితో తెంపితే కొస నలుగుతుంది. మొదటిసారి పంపినవి అలాగే ఉన్నాయి. తర్వాత పంపినవి ఆరూ బ్లేడుతో కోసినవి."

బయట ఎవరో పిల్లాడు చక్రాల కుర్చీ తొయ్యమని మారాం చేస్తున్నాడు. నేను నా చేతుల్ని చూసుకున్నాను. నాయనమ్మ ఆ ఆరు దారాల వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

ఇక వేలు ఆపటం కుదరదు, తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే పక్క వేళ్ళని కూడా వంచేస్తుంది అన్నాడు డాక్టరు గారు. ఆపరేషనుకి పై వారం రమ్మన్నాడు.

తెనాలి ప్లాట్‌ఫారం మీద రేపల్లె బండి కోసం కూర్చున్నాం. అమ్మ తన కాలూ నా కాలూ పక్కపక్కన పెట్టి చూస్తోంది. "నేనే బిగించి లాగానేమో. నేనే సరిగా పట్టుకోలేదేమో" అని గొణుక్కుంటోంది. బ్లేడు సంగతి విన్నాక కూడా తప్పు తన మీదకే లాక్కుంటోంది. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"నేను కోశా" అంది నాయనమ్మ.

అమ్మ తలెత్తింది.

"ఆరూ నేనే కోశా. వేలని చెప్పి తీసుకెళ్ళి కాలు తీస్తారని భయమేసింది. దీని తాతని అట్టాగే తీసుకెళ్ళారు."

"గుళ్ళో నేను నిలబడి చెప్పాను అత్తా" అంది అమ్మ. "నువ్వు నా పక్కనే కూర్చున్నావు."

లేచి వెళ్ళి దూరంగా ఇంకో బల్ల మీద కూర్చుంది. బండిలో కూడా వేరే పెట్టెలో ఎక్కింది. జంపని దగ్గర చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరుకు ఉడికిన తియ్యటి వాసన బండంతా నిండింది. పోయేటప్పుడు ఆ వాసనకి కిటికీలో తలపెట్టిన నేను, వచ్చేటప్పుడు ముక్కు మూసుకున్నాను. చెరుకంటే నాకు చప్పుడే గుర్తొచ్చింది.

ఆపరేషను జరిగింది. మత్తు పూర్తిగానే పట్టింది. చెరుకు చప్పుడు ఏమీ వినపడలేదు. కాలు కాలులాగే ఉంది, ఒక్క వేలే పోయింది. ఆరు నెలలపాటు దాని గురించి నేను కన్న భయం, ఒక నిద్రలో అయిపోయింది.

మూడో రోజు అమ్మ గంజి కాయించుకురావటానికి వెళ్ళినప్పుడు నాయనమ్మ నా మంచం మీద కూర్చుంది. నడుం దగ్గర దోపుకున్న తమలపాకుల సంచి తీసి, అడుగున ఉన్న చిన్న కాగితం పొట్లం విప్పింది. అందులో మూడు దారం ముక్కలున్నాయి. ఒక్కొక్కటీ గోరంత.

"నేను కోసింది ఈ మూడే" అంది. "వేలు తగ్గిందని మీ నాయన పరిగెత్తుకొచ్చినప్పుడు నేనూ అనుకున్నానే, నేను కోసింది గోరంతే గదా, మిగతాది ఆ పైవాడు చేశాడని. గుళ్ళో మీ అమ్మ చెప్పినాక ఇంక బ్లేడు ముట్టుకోలా. ఆయన చేసే పనిలో నేను వేలు పెట్టటం ఎందుకని."

నేను ఆ మూడు ముక్కల్నీ వేలితో కదిపి చూశాను.

"డాక్టరు ఆరూ అన్నాడు. అప్పుడర్థమైంది ఇంకో చెయ్యి ఉందని" అంది. "నీ ముక్కలేం చేశావే?"

"ములగచెట్టు కింద పాతిపెట్టా."

"అక్కడే ఉండనీ. మీ అమ్మకి చెప్పబాక. అత్త మీద కోపం ఎంతకాలమైనా మొయ్యొచ్చు. కన్నబిడ్డ మీద కోపం మొయ్యలేదు."

పొట్లం మళ్ళీ మడిచి సంచిలో పెట్టుకుంది. అమ్మ గంజి తెచ్చింది. నాయనమ్మ లేచి వసారాలోకి పోయింది.

కాలు మానాక మొదటి ఆదివారం అమ్మ గుళ్ళో మళ్ళీ లేచి నిలబడింది. సాక్ష్యం వెనక్కి తీసుకోవటానికి ఎవరైనా లేవటం మా గుళ్ళో ఎవరూ ఎరగరు. "పోయినసారి నేను చెప్పింది నిజం కాదండి. కొలతలో తప్పు జరిగింది. వేలు తీసేశారు. దేవుడు నన్ను క్షమించాలి" అంది. ఎవరు చేసిన తప్పో చెప్పలేదు. వేలు సగానికి సగం తగ్గిందన్న పెద్దాయన "నాకప్పుడే అనుమానం వచ్చింది" అన్నాడు.

మా ఇంట్లో చేప తలకాయ ఎప్పుడూ నాయనమ్మ కంచంలోనే పడేది. తెనాలి నుంచి వచ్చింది మొదలు అమ్మ దాన్ని నాన్నకి వేస్తోంది. నాయనమ్మ అడగలేదు. నాన్నకి తలకాయ తినటం రాదు, ముళ్ళతో కుస్తీ పట్టేవాడు. గుళ్ళో అలా చెప్పి వచ్చిన రోజు, అమ్మ గరిటె నాన్న కంచం మీదుగా దాటి వెళ్ళి, తలకాయని నాయనమ్మ కంచంలో పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాన్న మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు.

నేను తిరిగి బడికి వెళ్ళేసరికి నా ఈడువాళ్ళు పై తరగతికి పోయారు. చిన్నపిల్లల మధ్య మళ్ళీ అదే బల్ల మీద కూర్చున్నాను. లేని వేలు చూడటానికి రేగుపళ్ళు ఎవరిస్తారు. ఐదుతో చదువు ఆపేశాను. అమ్మతో నాట్లకి పోయాను, అత్తతో జీడిపిక్కలు కొట్టాను, పెళ్ళయి తెనాలి వచ్చాను. నాలుగు వేళ్ళతో మనిషి నడవటానికి ఏ లోటూ లేదు, పరిగెత్తేటప్పుడు కొంచెం పక్కకి ఒరుగుతాను, అంతే. ఆ మాట నాకు ఎనిమిదో ఏట ఎవరైనా చెప్పి ఉంటే బ్లేడు ముట్టుకునేదాన్ని కాదు. సలహా చెప్పినవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఆ ఒక్క ముక్క చెప్పినవాళ్ళు లేరు.

నాయనమ్మ పోయింది, పొట్లం ఏమైందో తెలియదు. అమ్మ కూడా పోయింది. అమ్మకి చెప్పాలనుకున్న ప్రతిసారీ నాకో జోకు తోచి అడ్డం పడేది. అమ్మ నవ్వేది, నేను కూడా నవ్వేదాన్ని, సమయం దాటిపోయేది. దాటిపోవటం నాకు అలవాటే.

నిన్న సాయంత్రం పక్క వాటా తలుపు కొట్టాను. పాప నాయనమ్మ తీసింది. కోడలు లోపల పాపకి పాలు పడుతోంది.

"కరివేపాకా?" అంది ఆవిడ.

"కాదు వదినగారూ. స్కేలు కావాలి."

ఆవిడ మొహం మారిపోయింది. తలుపు దగ్గరే నిలబడి గొంతు తగ్గించింది. "మీరు చూశారని నాకు తెలుసు. కోస్తారంట వదినగారూ. పసిగుడ్డు. నాకు అన్నం సహించట్లేదు."

"నేనూ కోశాను" అన్నాను.

"ఏంటి కోశారు?"

చెప్పాను. గుమ్మంలోనే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ములగచెట్టు దాకా చెప్పాను. మొదటిసారి ఒక్క జోకు కూడా అడ్డం రాలేదు. చెప్పటం అయ్యాక చెప్పు విడిచి కాలు చూపించాను. ఆవిడ వంగి చూసింది. తర్వాత లోపలికి పోయి స్కేలు తెచ్చి, నా చేతికివ్వకుండా, తనే వెళ్ళి పాప దగ్గర కూర్చుంది. సున్నా గీతని వేలి మొదట్లో ఆనించింది. "మొన్న సరిగా పెట్టలేదు, మళ్ళీ తియ్యమ్మా" అంటే కోడలు ఫోను తీసింది. ఈసారి స్కేలు కదల్లేదు.

నేనూ లోపలికి వెళ్ళి పాప ఎడమకాలి పక్కన నా కుడికాలు పెట్టాను. అటకమీద మా నాయనమ్మ దాచిన చెప్పులకి సరిపడే పిల్ల ఇన్నాళ్ళకి దొరికింది, ఆ సంచి మాత్రం లేదు.

"పిన్నిగారూ, మీ కాలు కూడా ఫోటోలో పడుతోంది" అంది ఆ అమ్మాయి.

"పడనీ."

పంపిన కాసేపటికి డాక్టరు గారి జవాబు వచ్చింది. ఆ అమ్మాయి పైకి చదివింది. కొలత ఈసారి స్పష్టంగా ఉందట. నెలదాకా ఆగొద్దట, ఈ వారమే పాపని తీసుకురమ్మన్నాడు, ఇప్పుడైతే వేళ్ళు నిలబెట్టే వీలుందట. పాప నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కింద ఇంకో ముక్క ఉందంది ఆ అమ్మాయి. పక్కనున్న పాదం ఎవరిది అని అడిగాడట.

"ఏం రాయమంటారు పిన్నిగారూ?"

"సాక్ష్యం చెప్పటానికి వచ్చినావిడదని రాయమ్మా" అన్నాను. "ఆలస్యంగా వచ్చిందని కూడా రాయి."